గోడ లేనివారికి ఫలకమెక్కడ? – రంగూన్ స్మారక ఫలకాలపై ఒక పరిశీలన

ఒక ఊరు తన గతాన్ని ఎలా తలచుకుంటున్నదో తెలుసుకోవాలంటే చరిత్ర గ్రంథాల కన్నా ముందు దారి పక్కన పెట్టిన ఫలకాలను చదవాలి. గ్రంథాన్ని కావాలనుకున్నవాడు తెచ్చుకుని చదువుతాడు. ఫలకం మాత్రం బస్సు కోసం నిలబడ్డవాడికీ, కూరగాయల బుట్ట దించి చెమట తుడుచుకునేవాడికీ కూడా కనబడుతుంది. నాలుగు వాక్యాల్లో అది చెప్పిందే ఆ వీధికి చరిత్ర, చెప్పనిది లేనట్టే లెక్క. కాబట్టి ఫలకం కూడా ఒక రచనే. కథను, నాటకాన్ని అడిగినట్టే దాన్నీ అడగవచ్చు: దీన్ని ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు, ఏ భాషలో రాశారు, దేన్ని చేర్చి దేన్ని విడిచారు? పుస్తకాలను గురించి, నాటకాలను గురించి మన పత్రికలో ఎన్నో మాటలు చదువుకుంటూ వచ్చాం. ఈసారి మన ఊరి గోడల మీది రాతను తీసుకుందామని అనుకున్నాం. యాంగోన్ అనవలసిన చోట కూడా రంగూన్ అని వాడుతున్నందుకు పాఠకులు అన్యథా భావించకూడదు. మన పెద్దల నోట ఆ ఊరు రంగూన్, అంతకు ముందు తరం వారి నోట వట్టి రంగం.

ముందు మెచ్చుకోవలసినదాన్ని మెచ్చుకోవాలి. 2005 చివర ప్రభుత్వ కార్యాలయాలు నేపిడా తరలిపోయిన తరువాత రంగూన్‌లోని పాత కట్టడాలు చాలావరకు ఖాళీ పడ్డాయి. ఆ పైన భూమి ధరలు పెరిగి ఒక్కొక్కటే నేలమట్టం కావడం మొదలైంది. అలాంటి సమయంలో, ఐక్యరాజ్య సమితి ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన ఊ థాంట్ గారి మనుమడు, చరిత్రకారుడు థాంట్ మ్యింట్ ఊ 2012లో యాంగోన్ హెరిటేజ్ ట్రస్టును నెలకొల్పారు. ఆ సంస్థ 2014 నుంచి ముఖ్యమైన కట్టడాలకు నీలిరంగు ఫలకాలు పెడుతూ వచ్చింది. సిటీ హాలుతో ఆరంభమైన ఆ పని వల్ల, రోజూ ఆ దారినే నడిచేవారికి కూడా ‘ఇది ఫలానా కట్టడం, ఫలానా కాలంలో కట్టారు, ఇక్కడ ఫలానా కచేరీ ఉండేది’ అని తెలిసివచ్చింది. ఫలకం ఉన్న గోడను పడగొట్టాలంటే చెయ్యి కొంచెం వెనకాడుతుంది. ఆ మేరకు అది మేలే. రాసిన తీరు కూడా పొందికగా ఉంటుంది. ఆడంబరం లేదు, పొగడ్తల దండకం లేదు.

అయితే ఈ నీలిరంగు ఫలకం రంగూన్‌లో పుట్టినది కాదు. దాని పుట్టిల్లు లండన్. అక్కడ 1860లలో ఈ ఏర్పాటు మొదలై, 1867లో బైరన్ కవి పుట్టిన ఇంటికి మొదటి ఫలకం పెట్టారు. లండన్‌లో నేటికీ పాటించే నియమాల్లో ఒకటి గమనించదగినది. ఎవరి పేర ఫలకం పెడతారో వారితో సంబంధమున్న కట్టడం ఇప్పటికీ నిలిచి ఉండాలి. వినడానికి ఎంతో సబబుగా ఉన్న నియమం. గోడ లేకపోతే ఫలకాన్ని ఎక్కడ తగిలిస్తారు? కాని ఈ చిన్న నియమమే, ఎవరూ చెడు తలపెట్టకుండానే, చరిత్రను రెండుగా చీలుస్తుంది. గోడలున్నవారు ఒక పక్క, గోడలు లేనివారు మరొక పక్క.

రంగూన్‌కు వచ్చేసరికి ఈ చీలిక ఎలా ఉంటుందో చూద్దాం. ఇక్కడ గోడలున్నవారు ఎవరు? ఐరావతి నది మీద ఓడలు నడిపిన కంపెనీ, టేకు కంపెనీలు, బియ్యం కంపెనీలు, బ్యాంకులు, న్యాయస్థానాలు. వారి తరువాత ఆర్మీనియన్ వర్తకులు, బాగ్దాదు నుంచి వచ్చిన యూదు వర్తకులు, సూరతు నుంచి వచ్చిన ముస్లిం వర్తకులు, చెట్టియార్లు. వీరు మేడలు కట్టారు, గుళ్లు, మసీదులు, చర్చీలు కట్టారు. కొందరి పేర వీధులు, బజార్లు కూడా వెలిశాయి. సూరతీ బజారు అలాంటిది. నేటి ష్వే బోన్ థా వీధి ఒకప్పుడు మొగల్ వీధి. పేర్లు మారినా కట్టడాలు ఉన్నాయి కనుక ఈ చరిత్రకు ఫలకం దొరుకుతుంది. అది న్యాయమే. ఆ మేడలను చూసి మేము కన్ను కుట్టుకోవడం లేదు.

మరి ఆ మేడల ఎదుటి రేవులో బస్తా మోసినవాడి సంగతి ఏమిటి? 1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగర జనాభా 4 లక్షలు. అందులో 2 లక్షల 12 వేలకు పైగా భారతీయులు. అంటే ఊరిలో సగం కన్నా ఎక్కువ. బర్మా మొత్తం మీద భారతీయులు 10 లక్షలు దాటగా, తెలుగువారే లక్షన్నరకు పైగా ఉన్నారు. గోదావరి, విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి, కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, బారువ రేవుల్లో స్టీమరెక్కి, డెక్కు మీద ఎండకూ వానకూ పడి వచ్చినవారు వీరు. ఓడల్లోకి సరుకు ఎక్కించినవారిలో, దించినవారిలో ఎక్కువమంది తెలుగువారు. బియ్యం మిల్లుల్లో, కోత మిల్లుల్లో తెలుగువారు. మనిషి లాగే రిక్షాలను లాగినవారిలోనూ, ఊరి మురికిని ఎత్తిపోసినవారిలోనూ తెలుగువారే ఎక్కువ. 1930ల చివర బర్మా ఏటా సుమారు 30 లక్షల టన్నుల బియ్యం ఎగుమతి చేసేది. ప్రపంచంలో మరే దేశమూ అంత బియ్యం ఓడలకెక్కించలేదు. ఆ గింజల్లో రంగూన్ రేవు దాటిన ప్రతి గింజా ఎవరో ఒకరి వీపు మీదుగా దాటింది.

మన అహ్లోన్‌నే తీసుకోండి. నగరానికి పడమటి వైపున, నది ఒడ్డున, కెమెండైన్‌కు ఆనుకుని ఉన్న పేట ఇది. ఈ ఒడ్డు పొడుగునా ఒకప్పుడు మిల్లులు, దుంగల డిపోలు. ఏనుగులు టేకు దుంగలను పేర్చే దృశ్యాన్ని తెల్లవారు ఫోటో తీసి పోస్టుకార్డులుగా అమ్మారు. ఏనుగుకు దక్కిన ఆ పాటి గుర్తింపు కూలీకి దక్కలేదు. కూలీ ఉన్నది అద్దె బ్యారక్కుల్లో, ఒకే గదిలో షిఫ్టుల వారీగా పడుకుంటూ. ఆ బ్యారక్కు అతనిది కాదు. దాని గోడ మీద అతని పేరు లేదు. తరువాత ఆ గోడే లేదు. గోడను చూసి చరిత్ర రాసేవారికి అతను కనబడకపోవడంలో వింతేముంది?

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. మారిషస్‌కూ మన కూలీలే వెళ్లారు కదా, అక్కడ వారికి స్మారకం ఉంది కదా అని. ఉంది. పోర్ట్ లూయీ రేవులో కూలీలు దిగిన చోటును కాపాడుకుని, ఆప్రవాసీ ఘాట్ అని పేరు పెట్టారు. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. కలకత్తాలో కిదిర్‌పూర్ రేవు దగ్గర కూడా 2011లో ఓడలెక్కి వెళ్లిన కూలీల పేర ఒక ఫలకం వెలిసింది. అలాంటప్పుడు మారిషస్‌కు వెళ్లినవారి కన్నా ఎన్నో రెట్లు ఎక్కువమంది వచ్చిన రంగూన్‌లో అలాంటిదెందుకు లేదు?

దీనికి కారణం మన వాళ్ల అశ్రద్ధ ఒక్కటే కాదు, కూలీని తెచ్చిన పద్ధతిలోనే ఉంది. మారిషస్, ఫిజీ, నేటాల్ వెళ్లిన కూలీ అయిదేళ్ల కరారు కింద వెళ్లాడు. అతని పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, ఒంటి మీది పుట్టుమచ్చ అన్నీ రిజిస్టరులో రాశారు. ఎక్కే చోట డిపో, దిగే చోట డిపో. అది బానిసత్వానికి దగ్గర బంధువే గాని, కాగితం మిగిల్చింది, కట్టడం మిగిల్చింది. బర్మాకు వచ్చినవాడు మేస్త్రి కింద వచ్చాడు. మేస్త్రి ఊళ్లోనే అడ్వాన్సు ఇచ్చి, టిక్కెట్టు కొని, ఇరవై, ముప్పై మందిని వెంటబెట్టుకొచ్చి, వారి కూలిలో కోత వేసుకునేవాడు. లెక్కంతా మేస్త్రి బొడ్డులోని చిట్టా పుస్తకంలో. పైగా 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా కూడా ఇండియాలో భాగమే. కాకినాడ నుంచి రంగూన్ పోవడం కాగితాల మీద విదేశయానం కాదు, ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి పోవడం. కనుక పాస్ లేదు, పేర్ల పట్టీ లేదు, డిపో లేదు. సముద్రం మాత్రం అంతే వెడల్పు. మారిషస్ కూలీ మునిమనవడు నేడు రిజిస్టరులో తాత పేరు వెతుక్కోగలడు. రంగూన్ కూలీ మునిమనవడికి వెతకడానికి రిజిస్టరే లేదు.

మిగిలిందల్లా ఒక మాట. కోరంగి. గోదావరి మోగలో, కాకినాడకు దగ్గర, ఆ పేరుగల రేవు ఉండేది. 1789లోనూ, మళ్లీ 1839లోనూ వచ్చిన ఉప్పెనలకు దెబ్బతిని, ఇసుక మేటలు పడి ఆ రేవు రేవు కాకుండా పోయింది. నేడు అక్కడ ఊరుంది, మడ అడవి ఉంది, ఓడలు లేవు. కాని ఆ రేవు పేరు సముద్రం దాటి వచ్చి, ఇక్కడి తెలుగువాళ్లందరికీ ముద్రగా పడింది. తూర్పు గోదావరివాడైనా, గంజాంవాడైనా రంగూన్‌లో ‘కోరంగి’యే. తెల్లవారి రికార్డుల్లో అదే మాట, వీధిలో అదే మాట. రానురాను అది జాతిని సూచించే మాట నుంచి కూలీని సూచించే మాటగా, చివరకు తిట్టుగా దిగింది. ఒక రేవు చచ్చిపోయి ఒక జనానికి పేరైంది. ఆ పేరు ఒక తరానికి సిగ్గైంది. మన పెద్దల్లో కొందరు ఆ మాటను ఇంట్లో పలకనివ్వలేదు. మా అభిప్రాయంలో అది దాచవలసిన మాట కాదు. మనకు మిగిలిన ఒకే ఒక శాసనం అది.

ఇంకొక సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. తెలుగుదేశం కూడా రంగూన్‌ను తనకు నచ్చినట్టే గుర్తుంచుకుంది. ‘రంగూన్ రౌడీ’ నాటకం అక్కడ ఎంతో పేరు తెచ్చుకుంది. 1979లో అదే పేరుతో సినిమా కూడా వచ్చింది. రౌడీ పేరు వాల్‌పోస్టరుగా గోడలెక్కింది. కూలీ పేరు ఏ గోడా ఎక్కలేదు.

కూలీల చరిత్రకు ఫలకం కావాలంటే, ఏ సంవత్సరాన్ని ఎక్కించాలన్నది తరువాతి ప్రశ్న. మొదట ఎదురయ్యేది 1930. ఆ ఏడు మే నెలలో రేవు కూలీలు, వారిలో ఎక్కువమంది తెలుగువారు, రోజు కూలి రూపాయిన్నరను రెండు రూపాయలు చెయ్యమని సమ్మె కట్టారు. ఓడలు నిలిచిపోయాయి. సరుకెత్తించే కంపెనీలు బర్మా కూలీలను పనిలోకి దించాయి. తీరా బేరం కుదిరి, తెలుగువారిని మళ్లీ పనిలోకి పిలిచినప్పుడు, మే 26 ఉదయాన పనికి వచ్చిన బర్మా కూలీలను ఇక మీ అవసరం లేదు పొమ్మన్నారు. రేవులో మొదలైన కొట్లాట ఊరంతా పాకింది. బ్యారక్కుల్లో తలుపులు బిగించుకుని కూర్చున్నవారిని కూడా వదలలేదు. సర్కారు లెక్కల్లోనే చచ్చిపోయినవారు 120 మంది దాకా, గాయపడినవారు 900 మంది దాకా. ఆ లెక్క తక్కువని అప్పుడే అన్నారు. చచ్చిపోయినవారిలో ఎక్కువమంది మనవాళ్లు.

ఈ సంఘటనకు రంగూన్ రేవులో ఫలకం లేదు. పెట్టాలంటే దాన్ని ఎలా రాయాలి? ‘ఇక్కడ ఇంతమంది భారతీయులను చంపారు’ అని రాస్తే మాటమాటా నిజమే అయినా మొత్తం మీద అబద్ధమవుతుంది. ఆ ఉదయం రేవుకు వచ్చిన బర్మా కూలీ ఎవరు? పల్లెలో ధాన్యం ధర పడిపోయి, అప్పుల్లో మడిచెక్క పోగొట్టుకుని పట్నం చేరినవాడు. పెళ్లాం అన్నం గిన్నె పట్టుకుని వెంట వస్తే, రోజు కూలి మీద ఆశ పెట్టుకున్నవాడు. అతన్నీ, మనవాడినీ ఒకరి మీదికి ఒకరిని తోసిన లెక్క మూడో చోట, మేడ మీద, ఫ్యాను కింద తయారైంది. ఆ మేడలకు మాత్రం నేడు గోడలున్నాయి. ఫలకంలో ఆ మూడో పక్షం రాకుండా పోతే, చదివినవాడు మళ్లీ పాత కోపాన్నే ఇంటికి పట్టుకుపోతాడు. అల్లర్ల వేడిలోనే ఆ ఏడాది ‘దొబమా’ జాతీయోద్యమం పుట్టింది. మన అహ్లోన్‌లో పార్కు పేరుగా నిలిచిన తఖిన్ మ్యా ఆ ఉద్యమంలోంచే పైకి వచ్చినవారు. 1947 జూలై 19న ఆంగ్ సాన్‌తో పాటు ఆయననూ కాల్చి చంపారు. అదే గదిలో కూలిన మంత్రుల్లో ఊ రజాక్ కూడా ఉన్నారు. ఆయన తండ్రి భారతీయుడు. ఏటా అమరవీరుల దినాన ఈ పేర్లను కలిపే చదువుతారు. అంటే ఈ దేశానికి పేర్లను కలిపి చదవడం చేతకానిదేమీ కాదు.

రెండవది 1942. జపాను విమానాలు 1941 డిసెంబరు 23న, మళ్లీ 25న రంగూన్ మీద బాంబులు వేశాయి. మొదటి దెబ్బ తిన్నది రేవు, రేవు పక్క బస్తీలు. జనం ప్రోమ్ రోడ్డు పట్టారు. ఊరు నడవడానికి, ఓడలు దిగడానికి కూలీలు కావాలి గనుక సర్కారు మొదట్లో వారిని ఆపజూసింది. తరువాత ఆపలేకపోయింది. కొందరు టాంగుప్ కనుమ దాటి అరకాన్ మీదుగా, కొందరు తమూ మీదుగా మణిపూరుకు, కొందరు హుకాంగ్ లోయ మీదుగా అస్సాముకు నడిచారు. సుమారు అయిదు లక్షలమంది ఆ ఏడు ఇండియా చేరారు. దారిలో కలరాతో, మలేరియాతో, ఆకలితో రాలినవారు పది వేలని కొందరు, యాభై వేలని కొందరు, ఇంకా ఎక్కువని కొందరు అన్నారు. అంచనాల మధ్య నలభై వేలమంది తేడా ఉన్నదంటేనే, ఆ చనిపోయినవారి లెక్క ఎవరికి కావలసి వచ్చిందో తెలుస్తుంది. చరిత్రకారుడు హ్యూ టింకర్ 1975లో దీన్ని గురించి రాసిన వ్యాసానికి మరచిన సుదీర్ఘ ప్రయాణమనే అర్థం వచ్చే పేరే పెట్టాడు.

దీనికి ఎదురుగా టాక్యాన్ యుద్ధ శ్మశానాన్ని పెట్టి చూడండి. రంగూన్‌కు ఉత్తరాన, పెద్ద రోడ్డు పక్కనే ఉంది. ఆరు వేలకు పైగా సమాధులు. సమాధి కూడా దొరకని సుమారు 27 వేలమంది సైనికుల పేర్లు అక్కడి రాతి స్తంభాల మీద చెక్కి ఉన్నాయి. వారిలో భారతీయ సిపాయిలే చాలామంది. మధ్యనున్న మండపం మీద ఒక వాక్యం అయిదు లిపుల్లో ఉంది. ఇంగ్లీషు, బర్మా, హిందీ, ఉర్దూ, గురుముఖి. గడ్డిని సమంగా కత్తిరించి, ఒక్కొక్క పేరుకు సమాన స్థలం ఇచ్చిన ఆ చోటు స్మారకాల్లో ఉత్తమమైనదని మేము నిస్సంకోచంగా అంటాం. సేనాపతి పేరు, సిపాయి పేరు ఒకే సైజు అక్షరాల్లో ఉండటమే దాని గొప్పతనం. కాని అదే యుద్ధంలో, అదే దేశంలో, సిపాయి పోరాడితే రాతి మీదికెక్కాడు. బాంబు పడేదాకా అదే యుద్ధానికి ఓడలు దించిన రేవు కూలీ కనుమల్లో రాలిపోతే లెక్కలోకే రాలేదు. ఆ అయిదు లిపుల్లో, ఈ రేవులో ఎక్కువమంది కూలీలు మాట్లాడిన భాషల లిపి లేదు. తెలుగూ లేదు, తమిళమూ లేదు.

మూడవది 1964. దుకాణాలు జాతీయం కావడం, పెద్ద నోట్లు రద్దు కావడం, వరుసగా ఓడలు బయలుదేరడం ఇంకా కొందరికి కళ్లకు కట్టినట్టే ఉంటుంది. వెళ్లినవారికి విశాఖపట్నంలో కంచరపాలెం వైపు ఒక పేట ఏర్పడి, దానికి బర్మా క్యాంపు అనే పేరు నిలిచిపోయింది. చూడండి చిత్రం. రంగూన్‌లో మనకు కోరంగి అని పేరు, కోరంగి దేశంలో మనకు బర్మా అని పేరు. ఎక్కడ ఉంటే అక్కడ లేని ఊరి పేరు మనకు తగిలింది. ఎవరూ ఫలకం పెట్టకపోయినా, సిటీ బస్సు కండక్టరు రోజూ కేక వేసే ‘బర్మా క్యాంప్’ అన్న మాట ఒక స్మారకమే.

ఇంతకూ కట్టడం లేని చోట, పేర్లు తెలియని చోట ఫలకం పెట్టడం సాధ్యమేనా? సాధ్యమేననడానికి రంగూన్‌లోనే ఒక ఉదాహరణ ఉంది. చివరి మొగలు చక్రవర్తి బహదూర్ షా జఫర్ 1862 నవంబరు 7న ఇక్కడ ఖైదులో చనిపోయాడు. అదే రోజు పూడ్చి, నేలను చదును చేసి, ఎక్కడ పూడ్చారో గుర్తు తెలియకుండా గడ్డి పెరగనిచ్చారు. జనం అడగగా అడగగా 1907లో ఒక రాయి పెట్టడానికి సర్కారు ఒప్పుకుంది. ఆ రాతి మీద, ఢిల్లీ మాజీ రాజు ఈ చోటికి దగ్గరలో పూడ్చబడ్డాడన్న అర్థం వచ్చేలా రాశారు. ఆ ‘దగ్గరలో’ అన్న మాటను గమనించండి. తెల్లవారు దాన్ని తప్పించుకోవడానికి వాడి ఉండవచ్చు. కాని ఆ ఒక్క మాట పట్టుకునే జనం ఎనభై ఏళ్లకు పైగా అక్కడ దీపం పెట్టారు. 1991లో అక్కడ తవ్వుతుంటే నిజమైన సమాధి దగ్గరలోనే బయటపడింది. తెలిసినంతే చెప్పి, తెలియని చోట ‘దగ్గరలో’ అని ఊరుకున్న రాయి కూడా పని చేస్తుందన్నమాట. చోటు పోనివ్వకుండా ఉంచడమే ఫలకం మొదటి పని.

మన సంప్రదాయంలోకి చూసినా ఇదే కనబడుతుంది. రాయలసీమలో, తెలంగాణలో ఊళ్ల పొలిమేరల్లో వీరగల్లులు ఉన్నాయి. ఊరి పశువులను దొంగలు తోలుకుపోతుంటే అడ్డుపడి చచ్చినవాడికి పెట్టిన రాళ్లు అవి. వాడికి మేడ లేదు, కోట లేదు. పడిన చోటే వాడి చోటు. గోడ కోసం వెతకకుండా నేల మీదే రాయి పాతిన జనం మనం. బర్మా సంప్రదాయమూ తక్కువది కాదు. బగాన్ దగ్గర మ్యజేది శాసనం 12వ శతాబ్దపు తొలి నాళ్లది. ఒకే విషయాన్ని పాలీ, మోన్, ప్యూ, బర్మా భాషల్లో నాలుగు ముఖాల మీద చెక్కారు. చుట్టూ ఉన్నవారికి అర్థం కావాలనే తలంపు ఆ రాతిలో ఉంది. ప్యూ భాషను మాట్లాడేవారు ఎప్పుడో అంతరించినా, ఆ నాలుగో ముఖం వల్లనే పండితులు దాన్ని చదవగలిగారు. తొమ్మిది వందల ఏళ్ల కిందట నాలుగు భాషలకు చోటిచ్చిన దేశంలో, నేటి ఫలకం బర్మా, ఇంగ్లీషులతో సరిపెట్టుకోవడం కొంచెం పిసినారితనంగానే తోస్తుంది. ఇంగ్లీషు యాత్రికుడి కోసం. మరి ఎవరి కథ చెబుతున్నామో వారి భాష?

ఈ ప్రశ్నను మనవైపుకూ తిప్పుకోవాలి. మన గుళ్లలో, భజన మందిరాల్లో పాలరాతి ఫలకాలకు కొరత లేదు. ఇన్ని చట్టు ఇచ్చిన దాత పేరు, ఆయన ధర్మపత్ని పేరు, ఫ్యాను మీద కూడా పేరు. దాతను గౌరవించడం మంచిదే. బర్మా పగోడాల్లోనూ ఆ ఆచారం ఉంది. కాని గోడ కట్టినవాడికి కాక గోడకు డబ్బిచ్చినవాడికే పేరు దక్కే పద్ధతిని మన ముంగిట్లోనే పాటిస్తూ, ఊరి గోడల మీద మరో న్యాయం కావాలని అడగడం అతకదు. తాతల పేర్లు, వారు ఎక్కిన రేవు, చేరిన ఏడు, చేసిన పని ప్రతి ఇంటా ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోవడం దీనికి మొదటి మెట్టు. తెలుగు రాయగలిగిన ముసలివారు ఇంటికొకరు కూడా లేని కాలం వచ్చింది. పిల్లలకు బర్మా అక్షరాలే అలవాటు. బర్మా అక్షరాల్లో రాసినా నష్టం లేదు. రాయకపోతేనే నష్టం.

పాత గాయాలను కెలకడమెందుకని అడిగేవారున్నారు. వారి భయం వట్టిది కాదు. ఈ దేశంలో మనం కొద్దిమందిమి. గొడవ వస్తే ముందు తలుపులు బిగించుకోవలసింది మనమే. కాని చెప్పకుండా వదిలేసిన గాయం మానదు, పుకారుగా మారుతుంది. ఒక ఇంట్లో వాళ్లు మనల్ని చంపారని, మరొక ఇంట్లో వాళ్లు మన కూడు లాక్కున్నారని రెండు కథలు పెరుగుతాయి. రెండు కథలనూ ఒకే రాతి మీద పక్కపక్కన పెట్టగలిగితే అది కెలకడం కాదు, కట్టు కట్టడం.

విమర్శించినవాడు ఊరికే పోకూడదు గనుక, అహ్లోన్ నది ఒడ్డున ఎప్పుడైనా ఒక రాయి పెట్టగలిగితే దాని మీద ఉండదగిన మాటలను మేము ఇలా కూర్చి చూశాం:

‘ఇక్కడికి దగ్గరలో, ఈ నది ఒడ్డున, సముద్రం దాటి వచ్చిన తెలుగు కూలీలు బియ్యం మిల్లుల్లో, దుంగల డిపోల్లో, రేవుల్లో పనిచేశారు. 1930 మే నెలలో కూలి పెంపు కోసం వారు సమ్మె చేశారు. కంపెనీలు వారి స్థానంలో బర్మా కూలీలను పెట్టి, సమ్మె ముగియగానే తీసివేశాయి. ఆ తరువాత జరిగిన అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు. 1942లో వేలమంది ఈ ఊరి నుంచి కాలినడకన బయలుదేరారు. అందరూ చేరలేదు. వారి పేర్లు ఏ రాతి మీదా లేవు.’

దీన్నీ ఇందాకటి ప్రశ్నలతోనే పరీక్షించాలి. ఇది నిలబడి చదవడానికి కొంచెం పొడుగు. అరనిమిషంలో చదవగలిగితేనే దారినపోయేవాడు పూర్తిగా చదువుతాడు. ఇందులో ఆడవారు లేరు. వచ్చినవారిలో మగవారే చాలా ఎక్కువైనా, ఊళ్లో ఉండిపోయి మనియార్డరు కోసం ఎదురుచూసిన ఆడవారి బతుకు కూడా ఈ చరిత్రే. ‘కంపెనీలు’ అన్న మాట ఎవరికైనా కష్టం కలిగించవచ్చు. అయినా దాన్ని తీసివేస్తే మిగిలిన వాక్యాలు ఒకరి మీద ఒకరు వేలు చూపుకోవడానికే పనికొస్తాయి. కనుక పొడుగు తగ్గించవలసి వస్తే మరేదైనా తగ్గించండి గాని, ఆ వాక్యాన్ని, మొదటనున్న ‘దగ్గరలో’ అన్న మాటను ఉంచాలి. భాషల విషయానికి వస్తే ముందు బర్మాలో, తరువాత తెలుగులో ఉండాలి. ఇంగ్లీషుకు చోటు మిగిలితే ఇంగ్లీషులో కూడా.

ఇంతకన్నా పొందికైన వాక్యాలు కూర్చగలవారు మన సభ్యుల్లో ఉన్నారు. కూర్చి పంపండి. రాయి ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేం గాని, దాని మీద ఏం రాయాలో తేల్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. అది తేలేదాకా ఈ కాగితమే ఆ రాయి.